హైకోర్టు: సివిల్, క్రిమినల్ వివాదాలు తేలే తీరు

రాష్ట్రంలోని న్యాయస్థానాలన్నిటికీ పై కోర్టు హైకోర్టు. ప్రతి రాష్ట్రానికీ ఒక హైకోర్టు ఉండాలని రాజ్యాంగంలోని 214వ అధికరణ చెబుతుంది. 215వ అధికరణ దాన్ని రికార్డు కోర్టుగా గుర్తించి, తన ధిక్కారాన్ని తానే శిక్షించే అధికారం ఇస్తుంది. పత్రికల్లో హైకోర్టు పేరు ప్రభుత్వ జీవోల మీద, ఎన్నికల మీద, పెద్ద కుంభకోణాల మీద కనిపిస్తుంది. అక్కడి కాజ్ లిస్టును రోజూ నింపేవి మాత్రం పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, లారీ గుద్ది చనిపోయినవారి నష్టపరిహారాలు, బెయిళ్లు, చెల్లని చెక్కులు, తహసీల్దారు ఆఫీసులో కదలని దరఖాస్తులు. ఈ వ్యాసం ఆ మామూలు వ్యాజ్యాల గురించి. ఉదాహరణలు ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల ఆచరణ నుంచి తీసుకున్నవి.

ఒక విషయం మొదటే చెప్పుకోవాలి. హైకోర్టు సాధారణంగా సాక్షిని చూడదు. బోనులో నిలబడి ఎవరు తడబడ్డారో, ఎవరు ధీమాగా చెప్పారో చూసింది కింది కోర్టు జడ్జి. పైకి వచ్చేసరికి అదంతా టైపు చేసిన వాంగ్మూలంగా, గుర్తు వేసిన దస్తావేజుల కట్టగా మారి ఉంటుంది. అందువల్ల న్యాయమూర్తి ముందున్న ప్రశ్న, కింద తేల్చినవారు సరిగా తేల్చారా, తప్పు చేసి ఉంటే దాన్ని ఈ పిటిషన్‌లో తాను ఎంతవరకు సరిదిద్దగలను అన్నది. ఒకే భూమి తగాదా మొదటి అప్పీలుగా వస్తే ఒక రకంగా, రెండో అప్పీలుగా వస్తే మరో రకంగా, రిట్‌గా వస్తే ఇంకో రకంగా నడుస్తుంది. ఈ తేడాను కక్షిదారులకు విడమరిచి చెప్పేవారు తక్కువ. హైకోర్టు దాకా వెళ్లినా తమ మాట ఎవరూ వినలేదని ఊరికి తిరిగొచ్చే చాలామంది బాధకు మూలం ఇక్కడే ఉంది.

రెండు తెలుగు హైకోర్టులు

మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడింది. అప్పటి నుంచి తొంభై ఏళ్లకు పైగా కోస్తా, రాయలసీమ జిల్లాల అప్పీళ్లు అక్కడికే వెళ్లేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పని మొదలుపెట్టింది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అటు నిజాం రాజ్యంలోని వ్యాజ్యాలు హైదరాబాదు హైకోర్టులో తేలేవి. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన భవనం దానిదే. 1956 నవంబరు 1న రాష్ట్రాలు కలిసినప్పుడు హైకోర్టు కూడా ఒకటై హైదరాబాదులో నిలిచింది. 2019 జనవరి 1న మళ్లీ రెండయ్యాయి. తెలంగాణ హైకోర్టు పాత భవనంలోనే కొనసాగగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలోని నేలపాడు చేరింది. మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య తెలంగాణకు 42, ఆంధ్రప్రదేశ్‌కు 37. పెండింగు కేసులు రెండు చోట్లా రెండేసి లక్షలకు పైమాటే.

ఈ చరిత్ర ఇప్పటి వాదనల్లోనూ పనిచేస్తూ ఉంటుంది. 1954 జులై 5కు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు తమకూ శిరోధార్యమేనని గుంటూరు హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. అందుకే ఈనాం భూమి కేసులోనో, దత్తత కేసులోనో వందేళ్ల నాటి మద్రాసు తీర్పును ఇవాళ నేలపాడులో చదివి వినిపించడం మామూలే. రిట్‌లో సింగిల్ జడ్జి ఇచ్చిన తీర్పు మీద అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లే హక్కు కూడా మద్రాసు హైకోర్టు లెటర్స్ పేటెంట్‌లోని 15వ క్లాజు నుంచి వచ్చిందే.

దాఖలు నుంచి బెంచీ దాకా

కేసు కాగితాలు ముందుగా రిజిస్ట్రీకి చేరతాయి. అక్కడ దానికి ఎస్సార్ నంబరు పడుతుంది. స్క్రూటినీలో అభ్యంతరాలు ఉంటే కట్ట వెనక్కి వస్తుంది. సర్టిఫైడ్ కాపీ లేకపోవడం, కోర్టు ఫీజు తక్కువ కావడం, గడువు మీరడం మామూలుగా కనిపించే అభ్యంతరాలు. జిల్లా కోర్టు డిక్రీ మీద హైకోర్టుకు సివిల్ అప్పీలు వేయడానికి గడువు 90 రోజులు. సెషన్స్ కోర్టు శిక్ష మీద 60 రోజులు, మరణశిక్ష అయితే 30 రోజులు. గడువు దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. రిట్‌కు ఇలాంటి గడువేమీ లేదు. కానీ కారణం లేకుండా ఏళ్ల తరబడి ఊరుకుని వచ్చినవారికి కోర్టు తలుపు తీయకపోవచ్చు.

అభ్యంతరాలు తీరాక కేసుకు దాని రకాన్ని బట్టి నంబరు వస్తుంది. ఏఎస్ అంటే మొదటి అప్పీలు, ఎస్సే అంటే రెండో అప్పీలు, సీఆర్పీ అంటే సివిల్ రివిజన్, సీఎంఏ అంటే మధ్యంతర ఉత్తర్వుల మీద అప్పీలు, ఎంఏసీఎంఏ అంటే ప్రమాద పరిహారం. క్రిమినల్ వైపు అప్పీలు, రివిజన్ కేసు, పిటిషన్ ఉంటాయి. రిట్‌కు డబ్ల్యూపీ. వకీళ్లు, గుమాస్తాలు రోజంతా మాట్లాడేది ఈ పొడి అక్షరాల్లోనే. కక్షిదారు తన కేసు ఏ అక్షరాల కింద ఉందో తెలుసుకుంటే, కోర్టు తనకు ఏం చేయగలదో సగం తెలిసినట్టే.

ఏ రకం కేసు ఏ న్యాయమూర్తి వినాలో ప్రధాన న్యాయమూర్తి రోస్టర్‌లో నిర్ణయిస్తారు. ఈ విషయంలో ఆయన మాటే చివరిది. కక్షిదారు తనకు నచ్చిన బెంచీని ఎంచుకోలేడు. మామూలు కేసులు సింగిల్ జడ్జి ముందుకు వస్తాయి. యావజ్జీవ శిక్షల అప్పీళ్లు, ఫ్యామిలీ కోర్టు తీర్పుల అప్పీళ్లు, హెబియస్ కార్పస్, రిట్ అప్పీళ్లు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళతాయి. రెండు ధర్మాసనాల తీర్పులు ఒకదానికొకటి పొసగనప్పుడు ముగ్గురు, అంతకు మించిన న్యాయమూర్తులతో ఫుల్ బెంచ్ కూర్చుంటుంది. రేపు ఉదయం ఇల్లు కూల్చేస్తారన్న భయంతో వచ్చినవారికి అత్యవసరంగా వినే లంచ్ మోషన్, సెలవు రోజైతే హౌస్ మోషన్ ఉన్నాయి.

మొదటి అప్పీలు, రెండో అప్పీలు

జిల్లా జడ్జి స్వయంగా విచారించి ఇచ్చిన డిక్రీ మీద సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద వచ్చేది మొదటి అప్పీలు. హైకోర్టుకు సివిల్ వైపు ఉన్న అధికారాల్లో ఇది విశాలమైనది. సాక్ష్యాన్నంతా మొదటి నుంచి మళ్లీ తూచవచ్చు. వాస్తవాల మీదా, చట్టం మీదా కొత్త నిర్ణయానికి రావచ్చు. దీనికి ఒక బాధ్యత కూడా తోడుంది. తేల్చవలసిన అంశాలు ఏవి, వాటి మీద నిర్ణయం ఏమిటి, అందుకు కారణాలేమిటి అన్నవి తీర్పులో రాయాలని 41వ ఆర్డరు 31వ రూలు చెబుతుంది. కింది కోర్టు తీర్పు సబబే అని ఒక్క వాక్యంలో ముగిస్తే సుప్రీంకోర్టు దాన్ని తిప్పి పంపుతుంది. కొత్త దస్తావేజు తెచ్చినవారు, ఎంత ప్రయత్నించినా కింద దాఖలు చేయలేకపోయామని అదే ఆర్డరు 27వ రూలు కింద నమ్మించగలగాలి. కేసులో మరచిపోయిన ఖాళీలు పూడ్చుకోవడానికి ఆ రూలు పనికిరాదు.

రెండో అప్పీలు సంగతి పూర్తిగా వేరు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా, పై కోర్టులో అప్పీలు అయ్యాక వచ్చే దశ ఇది. 1976 సవరణ తర్వాత 100వ సెక్షన్ కింద గణనీయమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే హైకోర్టు దీన్ని స్వీకరించాలి. ఆ ప్రశ్నను ముందే రాతపూర్వకంగా రూపొందించి, దాని మీదే వాదన వినాలి. గట్టు ఎక్కడుంది, కౌలు డబ్బు ఎవరు కట్టారు, సాక్షి నమ్మదగినవాడా అన్నవి కింది రెండు కోర్టులూ ఒకే మాటగా తేలిస్తే హైకోర్టు వాటిని ముట్టుకోదు. వీలునామాను చట్టం కోరిన విధంగా సాక్షి ద్వారా రుజువు చేయకుండానే నమ్మడం, ముఖ్యమైన దస్తావేజును అసలు చదవకపోవడం, ఏ సాక్ష్యమూ లేని నిర్ణయానికి రావడం లాంటివి అయితేనే చట్టపరమైన ప్రశ్న పుడుతుంది.

వరంగల్‌లోని ఇళ్ల స్థలాల తగాదా ఒకటి ఈ గీతను స్పష్టంగా చూపింది. వాదులు వేసింది ఉత్త ఇంజంక్షన్ దావా. మొదటి కోర్టు వారికి డిక్రీ ఇచ్చింది, అప్పీలులో అది పోయింది, ఉమ్మడి హైకోర్టు రెండో అప్పీలులో మళ్లీ వారినే గెలిపించింది. 2008లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. వాస్తవాల్లోకి, హక్కు ఎవరిదన్న ప్రశ్నలోకి రెండో అప్పీలులో హైకోర్టు వెళ్లడం సరికాదంది. హక్కు మీదే నీడ పడినప్పుడు, తనదే అని ప్రకటించమని అడగకుండా స్వాధీనాన్ని మాత్రం కాపాడమంటే చాలదని కూడా చెప్పింది. తెలుగు రాష్ట్రాల మున్సిఫ్ కోర్టు నుంచి హైకోర్టు దాకా ఇంజంక్షన్ వాదనల్లో ఈ తీర్పు ప్రస్తావన రాని వారం ఉండదేమో. దావా వేసేటప్పుడు ఏం అడగాలో సరిగా ఎంచుకోకపోవడం వల్ల పదిహేనేళ్ల తర్వాత ఓడిపోయే కుటుంబాలను తలచుకుంటే, మొదటి రోజు ప్లెయింటు రాసే వకీలు భుజాల మీద ఎంత బరువుందో అర్థమవుతుంది.

పంపకం దావాల్లో తెలుగు నేలకు తనదైన చట్ట చరిత్ర ఉంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన హిందూ వారసత్వ సవరణ 1985 సెప్టెంబరు 5న అమలులోకి వచ్చింది. కేంద్రం అదే పని చేయడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించింది. అందువల్ల ఆడపడుచు పెళ్లి ఏ ఏడాది జరిగిందన్నదే ఎన్నో అప్పీళ్లలో ప్రధాన వాస్తవమైంది. 2005 కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న చిక్కును, అక్కర్లేదంటూ 2020లో సుప్రీంకోర్టు విప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పూర్తయిన పంపకాలను ఈ చట్టం కదల్చదు. దాంతో, ఊరి పెద్దల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు నిజంగా పంపకమేనా అన్నది నేటి అప్పీళ్లలో కీలకమవుతోంది.

ఆ తెల్లకాగితాలే సివిల్ రివిజన్లనూ పుట్టిస్తాయి. విచారణ మధ్యలో రిజిస్టరు కాని, స్టాంపు చాలని కాగితాన్ని గుర్తు వేయాలా వద్దా అని తగవు వస్తుంది. స్టాంపు లోటును పెనాల్టీతో పూడిస్తే, హక్కును రుజువు చేయడానికి పనికిరాని కాగితం కూడా స్వాధీనం ఎలా వచ్చిందన్న పక్క విషయానికి పనికిరావచ్చు. 2002 సవరణ తర్వాత 115వ సెక్షన్ రివిజన్ బాగా కుదించుకుపోయింది. అందుకే ఇలాంటి మధ్యంతర ఉత్తర్వుల మీద ఇప్పుడు రాజ్యాంగం 227వ అధికరణ కింద వస్తున్నారు. అది పర్యవేక్షణాధికారం. కింది కోర్టు తన పరిధి దాటిందా, పరిధిని వాడటానికి నిరాకరించిందా అన్నంతవరకే చూస్తారు. తానైతే మరో రకంగా ఉత్తర్వు ఇచ్చేవాణ్ణని న్యాయమూర్తికి అనిపించినా అది చాలదు.

ప్రమాద పరిహారం లెక్క

హైకోర్టు చేతిలో కుటుంబాల బతుకు నేరుగా మారేది మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ అప్పీళ్లలో. ట్రిబ్యునల్ ఎక్కువ ఇచ్చిందని బీమా కంపెనీ వస్తుంది, తక్కువ ఇచ్చిందని బాధిత కుటుంబం వస్తుంది. ఇక్కడ లెక్కకు స్థిరమైన పద్ధతి ఉంది. వయసును బట్టి గుణకాన్ని, ఆధారపడినవారి సంఖ్యను బట్టి మినహాయింపును 2009లో సుప్రీంకోర్టు పట్టిక చేసింది. మున్ముందు పెరిగే ఆదాయాన్ని ఎంత కలపాలో 2017లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది.

32 ఏళ్ల తాపీమేస్త్రీ చనిపోయాడనుకుందాం. నెలకు 15,000 రూపాయలు సంపాదించేవాడని కోర్టు నమ్మింది. ఏడాదికి 1,80,000. నలభై ఏళ్లలోపు సొంత రెక్కల మీద బతికేవాడు కనుక 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి కలిపి నలుగురు అతని మీద ఆధారపడ్డారు కనుక సొంత ఖర్చుకింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 31 నుంచి 35 ఏళ్లవారికి గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం, కుటుంబ సభ్యుల తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తాలు, వడ్డీ కలుస్తాయి.

గుణకం మీద తగవు ఉండదు, ఆదాయం మీదే ఉంటుంది. మేస్త్రీకి జీతం చీటీ ఉండదు. ట్రిబ్యునల్ నెలకు 6,000 అని రాస్తే ఇదే లెక్కలో కుటుంబానికి వచ్చేది 12 లక్షలకు కాస్త పైన. అంటే రుజువు కాగితం లేనివాడి శ్రమకు జడ్జి కట్టే విలువే మొత్తం పరిహారాన్ని నిర్ణయిస్తుంది. ప్రమాదం జరిగిన నాటి కూలి రేట్లను, కనీస వేతనాల నోటిఫికేషన్లను చూసి హైకోర్టు తరచు ఆ అంకెను సవరిస్తుంది. కుటుంబం అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి కూడా అడ్డు లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన పరిహారం అన్నది చట్టంలోని మాట, దానికి కక్షిదారు రాసిన అంకె హద్దు కాదు. డ్రైవరుకు లైసెన్సు లేదని బీమా కంపెనీ నిరూపించినా, ముందు బాధితులకు చెల్లించి తర్వాత వాహన యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఆదేశించే పద్ధతీ ఉంది.

బెయిలు, అరెస్టు, ఎఫ్ఐఆర్ కొట్టివేత

2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అధికారాలు దాదాపు పాతవే, నంబర్లు మారాయి. ముందస్తు బెయిలు 438 నుంచి 482కు, మామూలు బెయిలు 439 నుంచి 483కు, హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం 482 నుంచి 528కి వెళ్లాయి. పాత 482 ఎఫ్ఐఆర్ కొట్టివేతకు పేరు, కొత్త 482 ముందస్తు బెయిలు. మార్పు కొత్తలో ఇది వకీళ్లనూ తికమకపెట్టింది.

బెయిలు విచారణలో నేరం చేశాడా లేదా అని తేల్చరు. ఆరోపణ ఎంత తీవ్రమైంది, పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఎన్నాళ్లుగా జైల్లో ఉన్నాడు అన్నవి చూస్తారు. చట్టమే బెయిలుకు అడ్డుగోడ కట్టిన నేరాలూ ఉన్నాయి. విశాఖ మన్యం నుంచి వచ్చే గంజాయి కేసులు వీటిలో ముఖ్యం. పట్టుబడింది 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ వర్తిస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి, బయటికి వచ్చి మళ్లీ చేయడన్న నమ్మకమూ కలగాలి. ఈ కేసుల్లో మూట మోసిన కూలీలు, ఆటో నడిపినవారు నెలల తరబడి జైల్లో ఉండిపోవడం, తోట వేయించినవారు దొరకకపోవడం తరచు చూసేదే. అందుకే వాదన తూకం, నమూనా తీసిన పద్ధతి, సోదా నియమాల మీదికి మళ్లుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ముందస్తు బెయిలును 18వ సెక్షన్ నిషేధిస్తుంది. ప్రత్యేక కోర్టు బెయిలు ఉత్తర్వు మీద 14ఏ సెక్షన్ కింద అప్పీలుగా హైకోర్టుకు రావాలి.

ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో చాలా పిటిషన్లు ఒకే తీరున ముగుస్తాయి. అరెస్టు అవసరమని పోలీసులు కారణాలు రాయనంతవరకు ముందుగా నోటీసు ఇచ్చి విచారించాలని 2014లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. తెలుగు ఊళ్లలో 41ఏ నోటీసుగా అందరికీ తెలిసింది ఇదే, ఇప్పుడది 35(3). ఆ నిబంధన పాటించమని పోలీసులకు, దర్యాప్తుకు సహకరించమని నిందితుడికి చెప్పి హైకోర్టు పిటిషన్‌ను ముగిస్తుంది. నాలుగు వరుసల ఆ ఉత్తర్వు వల్ల రాత్రిపూట తలుపు తట్టి తీసుకుపోతారన్న భయం ఒక కుటుంబానికి తప్పుతుంది. చిన్న విషయం కాదది.

ఎఫ్ఐఆర్ కొట్టేయమన్న పిటిషన్‌లో పరీక్ష వేరు. ఫిర్యాదులో ఉన్నదంతా నిజమే అనుకుని చదివినా నేరం కనిపించకపోవాలి. హర్యానా మాజీ ముఖ్యమంత్రి భజన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇలా కొట్టివేయదగిన సందర్భాలను ఏడు రకాలుగా చెప్పింది. నిందితుడి వాదన నమ్మదగినదిగా ఉన్నంత మాత్రాన చాలదు, అది విచారణలో తేలాలి. పిటిషన్‌ను కొట్టేస్తూనే కఠిన చర్యలు వద్దని పోలీసులను కట్టడి చేసే ఉత్తర్వులు ఇవ్వరాదని 2021లో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

ఈ పిటిషన్లలో పెద్ద వాటా భార్యను వేధించారన్న 498ఏ కేసులది. పాత పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 85, 86 సెక్షన్లు. భర్త మీద నిర్దిష్ట ఆరోపణలుంటే కేసు నడవనిస్తారు. వేరే ఊళ్లో ఉండే ఆడపడుచు, బావ, ముసలి అత్తామామల మీద ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా గుంపుగా పేర్లు రాస్తే వారివరకు కొట్టేస్తారు. వేధింపు నాలుగు గోడల మధ్య జరుగుతుంది కనుక తేదీలు లేకపోవడమే అబద్ధానికి గుర్తు కాదన్నది కూడా న్యాయమూర్తి మరువరాని సంగతి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న భర్త మీద లుకౌట్ సర్క్యులర్ జారీ కావడం, దాన్ని ఎత్తేయమని అతని తరఫున రిట్ పడటం తెలుగు కుటుంబాలకు ఇప్పుడు కొత్త కాదు. రాజీ కుదిరితే ఇద్దరూ కోర్టుకు హాజరై గుర్తింపు రుజువు చూపి చెప్పాలి. భార్యాభర్తల తగాదాలు, డబ్బు లావాదేవీల్లాంటి వ్యక్తిగత కేసుల్లో రాజీని అంగీకరించి కొట్టేయవచ్చని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హత్య, అత్యాచారం, బందిపోటు కేసుల్లో అది కుదరదు.

శిక్షల మీద అప్పీళ్లు

హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడ్డవారి అప్పీలు ఇద్దరు న్యాయమూర్తుల ముందుకు వస్తుంది. ఇక్కడ సాక్ష్యాన్నంతా మళ్లీ చదవాలి. ఎఫ్ఐఆర్ ఎన్ని గంటలకు రాశారు, మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది, మధ్యలో ఎవరి పేర్లయినా చేర్చే వీలు చిక్కిందా? ప్రత్యక్ష సాక్షి ఆ వేళకు అక్కడెందుకున్నాడు? పంచనామాలో రాసిన గాయాలు, పోస్టుమార్టంలో డాక్టరు చూసిన గాయాలు కలుస్తున్నాయా? కత్తి దొరికిందన్న మీడియేటర్ల నివేదికకు సాక్షులుగా పెట్టినవారు కోర్టులో ఆ మాట మీద నిలబడ్డారా? బంధువు చెప్పిన సాక్ష్యం బంధువన్న కారణంతోనే పోదు. జాగ్రత్తగా చూడాలి, అంతే.

కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన స్త్రీ మరణ వాంగ్మూలం న్యాయమూర్తిని ఎక్కువగా పరీక్షించే సాక్ష్యం. చెప్పిన మనిషి ఇక లేదు, క్రాస్ ఎగ్జామినేషన్‌కు వీల్లేదు. అయినా నమ్మదగినదైతే ఆ ఒక్క వాంగ్మూలం మీదే శిక్ష నిలబడుతుంది. మాట్లాడే స్థితిలో ఉందని డాక్టరు సర్టిఫికెట్ లేకపోయినా, రాసుకున్న మేజిస్ట్రేటు తానే సంతృప్తి చెందితే చాలని 2002లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మొదట స్టవ్ పేలిందని పోలీసుకు, తర్వాత భర్త నిప్పంటించాడని మేజిస్ట్రేటుకు చెప్పిన కేసుల్లో రెంటిలో ఏది భయంతో చెప్పింది, ఏది ఎవరో నేర్పితే చెప్పింది అని తేల్చాలి. మొదటిసారి మంచం పక్కన ఎవరు నిలబడి ఉన్నారన్న చిన్న వివరం మీద తీర్పు అటో ఇటో మొగ్గుతుంది.

పూర్తి విడుదల, పూర్తి ధ్రువీకరణ కాక మధ్యస్థమైన ఫలితం కూడా ఉంది. నీళ్ల దగ్గరో గట్టు దగ్గరో మాటా మాటా పెరిగి, ముందస్తు పథకం లేకుండా చేతికందిన పారతో ఒక్క దెబ్బ కొట్టిన కేసుల్లో హత్యను హత్యగా పరిగణించరాని ప్రాణహరణగా మార్చి శిక్ష తగ్గిస్తారు. ఆకస్మిక తగాదా అన్న మినహాయింపు దీనికి ఆధారం.

అప్పీలు విచారణకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా శిక్ష నిలిపి బెయిలు ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. యావజ్జీవ ఖైదీలు అయిదేళ్లు శిక్ష అనుభవించి, ప్రవర్తన బాగుంటే, కొన్ని ఘోర నేరాలను మినహాయించి బెయిలు పరిశీలించవచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు ధర్మాసనం మార్గదర్శకాలిచ్చింది. పదేళ్ల తర్వాత నిర్దోషి అని తేలితే ఆ పదేళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు కనుక ఈ తీర్పు విలువ పెద్దది.

కింది కోర్టు వదిలేసిన వ్యక్తి మీద ప్రభుత్వమో బాధితులో అప్పీలు చేస్తే నిర్దోషిత్వపు ఊహ మరింత బలపడి ఉంటుంది. సాక్ష్యం నుంచి రెండు అభిప్రాయాలకు వీలుంటే విడుదలనే నిలబెట్టాలి. మరణశిక్ష అయితే అప్పీలు లేకపోయినా సెషన్స్ కోర్టు రికార్డు హైకోర్టుకు రావలసిందే. ఇద్దరు న్యాయమూర్తులు ధ్రువీకరించేదాకా శిక్ష అమలు కాదు. వారిద్దరూ విభేదిస్తే కేసు మూడో న్యాయమూర్తి ముందుకు వెళుతుంది. చెక్కు కేసులు కింది రెండు కోర్టులూ దాటి రివిజన్‌గా వస్తాయి. వీటిలో చాలా వరకు డబ్బు కట్టి రాజీతో ముగుస్తాయి.

రిట్‌గా వచ్చే సామాన్యుడి తగాదా

226వ అధికరణ కింద రిట్ ప్రభుత్వ సంస్థల మీద వేసేది. ప్రాథమిక హక్కులకే కాక ఇతర ప్రయోజనాలకూ ఇది పనికొస్తుంది కనుక, ఈ విషయంలో హైకోర్టు అధికారం 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకున్న దానికన్నా విశాలం. కానీ సాక్ష్యంతో తేలాల్సిన వాస్తవాల తగాదాను సాధారణంగా రిట్‌లో తేల్చరు. ఇద్దరు పొరుగువారి గొడవను నేరుగా రిట్‌గా తేలేరు. అందుకే అది రూపు మార్చుకుని వస్తుంది. పోలీసులు సివిల్ తగాదాలో తలదూర్చి స్టేషన్‌కు పిలుస్తున్నారని ఒకరు, మున్సిపాలిటీ నోటీసు ఇవ్వకుండా గోడ కూల్చిందని మరొకరు వస్తారు.

భూమి రిట్లు వీటిలో అధికం. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు చేరితే సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోడు. కూతురి పెళ్లికి అమ్ముకుందామని వెళ్లాకే రైతుకు ఆ సంగతి తెలుస్తుంది. ఏ జాబితాకు గెజెట్ నోటిఫికేషన్ కావాలి, ఏది సమాచారంగా పంపితే సరిపోతుంది, బాధితులకు దారేమిటి అన్నవి 2015లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ విడమరిచి చెప్పింది. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసి ధరణి పోర్టల్ తెచ్చాక, రికార్డులోని పొరపాటు దిద్దించుకోవడానికి కింద సరైన అప్పీలు దారి లేక ఎంతోమంది హైకోర్టుకు వచ్చారు. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లకు మళ్లీ చోటిచ్చింది.

రిట్ల ముగింపుల్లో ఎక్కువగా కనిపించేది, పిటిషనర్ వినతిపత్రాన్ని ఇన్ని వారాల్లో పరిశీలించి కారణాలతో ఉత్తర్వు ఇమ్మని అధికారికి చెప్పడం. కదలని ఫైలు దీంతో కదులుతుంది. అధికారి మళ్లీ కాదంటే మాత్రం పిటిషనర్ ఇంకో రిట్‌తో మొదటికి వస్తాడు. మొదటి విచారణలోనే రికార్డు తెప్పించి తేల్చగల కేసుల్లో కూడా ఇలా ముగించడం పేదవారికి భారమవుతోంది.

స్టే, తీర్పు, ఆ తర్వాత

చాలా కేసుల్లో అసలు గెలుపోటములు మధ్యంతర ఉత్తర్వుతోనే తేలినట్టు కక్షిదారులు భావిస్తారు. ప్రాథమికంగా కేసు ఉందా, ఆపకపోతే పూడ్చలేని నష్టమా, సౌకర్యం ఎటు మొగ్గుతుంది అన్న మూడూ చూసి స్టే ఇస్తారు. డబ్బు డిక్రీ మీద స్టే అయితే తరచు సగం డిపాజిట్ చేయమంటారు. ఆరు నెలలు దాటిన స్టే దానంతటదే పోతుందన్న 2018 నాటి నియమాన్ని 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తొలగించింది. అవతలివారు కోర్టుకు వెళతారన్న అనుమానం ఉన్నవారు తమ మాట వినకుండా స్టే ఇవ్వవద్దని కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది.

తీర్పులు ఇంగ్లిష్‌లో వస్తాయి. 348వ అధికరణ అలా నిర్దేశించింది. 2023 జూన్‌లో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం తెలంగాణ హైకోర్టులో ఒక ఆస్తి వివాదంలో తెలుగులోనూ తీర్పు ఇచ్చింది. ఓడినవాడు తానెందుకు ఓడిపోయాడో మధ్యవర్తి లేకుండా చదువుకోగలగడం న్యాయంలో భాగమే. ఇలాంటివి ఇంకా విరివిగా రావాలి. వకీలును పెట్టుకోలేనివారికి హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును కోరవచ్చు.

హైకోర్టు తీర్పు మీద 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి కోరుతూ మామూలుగా 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ అనుమతి హక్కుగా రాదు. సివిల్ డిక్రీ అమలుకు మళ్లీ కింది కోర్టుకే వెళ్లి అమలు పిటిషన్ (ఈపీ) వేయాలి. దానికి 12 ఏళ్ల గడువుంది. కింది కోర్టు డిక్రీ కింద అప్పటికే డబ్బో భూమో చేతులు మారి, హైకోర్టులో ఆ డిక్రీ రద్దైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద తిరిగి ఇప్పించమని అడగవచ్చు. రిట్ ఉత్తర్వును అధికారి పాటించకపోతే కోర్టు ధిక్కరణ కేసు వేయాలి. ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఏడాదిలోపే ఆ పని చేయాలి, రుజువైతే ఆరు నెలల దాకా సాధారణ ఖైదు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.